రాముడు మా ఈడువాడే

1997 ఏప్రిల్‌లో మన తెలుగు మాస్టారు ఎనిమిదో తరగతి వాళ్లందర్నీ ఆర్టీసీ బస్సెక్కించి గుడివాడ తీసుకెళ్లారు. ఆ బస్సులో ఉన్నవాళ్లలో సగం మంది ఈ సంచిక చదువుతారని తెలుసు కాబట్టి ఎవరెవరు వాంతులు చేసుకున్నారో రాయడం లేదు. వెళ్లింది రామాయణం సినిమాకి. అందరం బాల రామాయణం అనే అన్నాం. గుణశేఖర్ తీసిన ఆ సినిమాలో రాముడి నుంచి రావణుడి దాకా అందరూ పిల్లలే. రాముడిగా వేసిన కుర్రాడు నందమూరి తారక రామారావు, ఇప్పుడు తారక్ అనీ జూనియర్ ఎన్టీఆర్ అనీ పిలిచే అతనే. 1983 మే నెలలో పుట్టాడు, అంటే సరిగ్గా మా ఈడు.

నిమ్మకూరు మన బడికి ఆట్టే దూరం కాదు. పెద్దాయన, అంటే ఈ కుర్రాడి తాత ఎన్టీఆర్, పోయి అప్పటికి ఏడాది దాటింది. మన ఊళ్లో చాలా ఇళ్లలో దేవుడి పటాల పక్కనే ఆయన రాముడి పటమో కృష్ణుడి పటమో ఉండేది. ఆ ఇంటి మనవడు, అదే పేరుతో, అదే వేషంలో తెర మీదకొస్తే హాల్లో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. మాకు మాత్రం వేరేలా ఉంది. మనలాంటి కుర్రాడు విల్లు పట్టుకున్నాడు. మనమూ పట్టుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో మాస్టారు బస్సులో నిలబడే ఒక కథ చెప్పారు. పెద్దాయన విజయవాడ కాలేజీలో చదివేటప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయనకి నాటకంలో నాగమ్మ అనే ఆడవేషం ఇచ్చారట. మీసం తీయనని పట్టుబట్టి అలాగే వేసి, ‘మీసాల నాగమ్మ’ అనిపించుకున్నారు. “ఆ ఇంట్లో నటన మొదలైంది సినిమా స్టూడియోలో కాదర్రా, తెలుగు మాస్టారి దగ్గర” అని మాస్టారు గర్వంగా అన్నారు. మరుసటి ఏడాది వార్షికోత్సవానికి శివధనుర్భంగం నాటకం వేద్దామని ఆ బస్సులోనే తేలిపోయింది.

నాకు రాముడు వెయ్యాలని ఉండేది. నాకు నత్తి అని మీ అందరికీ తెలుసు. మాట మొదలుపెట్టేచోట గొంతు బిగిసిపోయేది. హాజరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ సార్” అనడానికి బదులు లేచి నిలబడేవాణ్ణి, ఆ ఒక్క పదం రాక. వేషాలు పంచే రోజు నేను చెయ్యెత్తితే, ఒక పెద్దమనిషి (ఆయన పేరు ఇక్కడ అక్కర్లేదు) “నత్తివాడికి రాముడేంటి, నాటకం తెల్లారిపోద్ది” అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో నా ప్రాణస్నేహితులూ ఉన్నారు. ఇప్పుడు కోపం లేదు. అప్పుడు మాత్రం రెండ్రోజులు బడికి రాలేదు.

మూడోరోజు మాస్టారు మా ఇంటికొచ్చి, నోట్‌బుక్ నా చేతిలో పెట్టి, “నువ్వు ప్రాంప్టింగ్” అన్నారు. తెర పక్కన నిలబడి, మాట మర్చిపోయినవాడికి అందించాలి. నత్తివాడికి ఆ పనేంటని మా అమ్మ కూడా ఆశ్చర్యపోయింది. రిహార్సల్లో తెలిసింది. గుసగుసగా చెప్పేటప్పుడు నాకు నత్తి లేదు! ఒక్క అక్షరం కూడా ఆగలేదు. నత్తి ఉన్న చాలామందికి గుసగుసలోనూ పాటలోనూ మాట సాఫీగా వస్తుందని చాలా ఏళ్ల తర్వాత ఒక స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. మాస్టారికి ఆ శాస్త్రం తెలుసో లేదో, నేను ఒంటరిగా ఉన్నప్పుడు పాడుకునే పాటలు మాత్రం ఆయన విన్నారు.

పదో తరగతిలో మళ్లీ అదే నాటకం వేశాం. అప్పుడు నాకు పరశురాముడు ఇచ్చారు. ఆ వేషానికి ఉన్న వచనం మొత్తం కొట్టేసి, మాస్టారు కూర్చుని అన్నీ పద్యాలుగా మార్చి రాశారు. సీసాలు, ఆటవెలదులు, పదకొండు పద్యాలు. రాగం తీసి పాడితే నా గొంతు ఎక్కడా ఆగలేదు. వన్స్‌మోర్ కూడా కొట్టారు. మన జిల్లాలో పద్యానికి వన్స్‌మోర్ పడడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎందుకంటే, అప్పట్నుంచి నేను తారక్‌ని చూసిన చూపు మీరు చూసిన చూపు ఒకటి కాదు. మీరంతా డ్యాన్సులు, ఫైట్లు, తాత పోలికలు చూశారు. నేను ఆ నోరు చూశాను. మాట ఎక్కడ ఎత్తుకుంటున్నాడు, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడు అని.

2001లో ‘నిన్ను చూడాలని’తో హీరో అయ్యాడు. ఆ ఏడాదే మనం డిగ్రీలో చేరాం. ఆ సినిమా ఆడలేదు. పేరుంటే చాలదని కాలేజీ క్యాంటీన్‌లో గట్టి గట్టి తీర్పులిచ్చేశారు. సెప్టెంబర్‌లో ‘స్టూడెంట్ నంబర్ 1’ వచ్చింది. రాజమౌళికి అదే మొదటి సినిమా. 2002 మార్చిలో ‘ఆది’, వి.వి. వినాయక్‌కి అది మొదటిది. అప్పటికి తారక్‌కి పంతొమ్మిది నిండలేదు. మన వయసు కుర్రాడు సీమ పెద్దల ముందు నిలబడి అంత ఒత్తుగా, అంత స్పష్టంగా మాట్లాడుతుంటే నేను సీట్లో ముందుకు జరిగి కూర్చున్నాను. ‘ళ’ని ‘ల’ అనడు, ‘ణ’ని ‘న’ అనడు. మన మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన ఉచ్చారణ అది. 2003 జూలైలో ‘సింహాద్రి’ వచ్చేసరికి ఇక ఆగలేదు. ఇరవై ఏళ్లకే రాష్ట్రంలో పెద్ద స్టార్లలో ఒకడైపోయాడు.

ఇంటి పేరు వల్లే వచ్చిందంటారు. తలుపు తెరిచింది ఇంటి పేరే, ఆ మాట నేను కాదనను. నాన్న హరికృష్ణ గారు చిన్నప్పుడే శ్రీకృష్ణావతారంలో బాలకృష్ణుడు వేశారు, దాన వీర శూర కర్ణలో అర్జునుడు. బాబాయి బాలకృష్ణ సంగతి చెప్పక్కర్లేదు. తారక్ కూడా తాత తీసిన బ్రహ్మర్షి విశ్వామిత్రలో చిన్నప్పుడే భరతుడి వేషం వేశాడు. కానీ అదే ఇంటి నుంచి వచ్చినవాళ్లందరికీ ఒకే స్థాయి రాలేదు కదా. చిన్నప్పుడు నేర్చుకున్న కూచిపూడి అతనికి చాలా ఇచ్చిందని నా నమ్మకం. ఆ ఊరు మనకి దగ్గరే కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. కూచిపూడి వాళ్లు ఆడడమే కాదు, పాత్ర మాటలు పాత్రే పలుకుతుంది. కాలు, కన్ను, మాట మూడూ ఒకే తాళం మీద నడవాలి. అతని పాటల్లో వేగం గురించి అందరూ చెబుతారు గానీ, సంభాషణల్లో కూడా ఆ తాళం ఉంది. వాక్యం చివర ఎక్కడ వదలాలో అతనికి తెలుసు.

2003 డిసెంబర్‌లో నిమ్మకూరులో ‘ఆంధ్రావాలా’ పాటల ఫంక్షన్ జరిగింది గుర్తుందా? ప్రత్యేక రైళ్లు కూడా వేశారు. నేను గుడివాడ నుంచి సైకిల్ మీద బయల్దేరాను. ఊరు చేరనే లేదు. రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు, కోత కోసిన చేలల్లో జనం. సైకిల్ గట్టు మీద పడేసి అక్కడే నిలబడ్డాను. మనిషి కనపడలేదు. మైకులో గొంతు మాత్రం, గాలి ఇటు తిరిగినప్పుడల్లా, చేల మీదుగా వచ్చేది. ఆ రాత్రి అన్నం తినకుండా నడుచుకుంటూ తిరిగొచ్చాను, సైకిల్ దొరక్క.

ఆ సినిమా పోయింది. తర్వాత మూడేళ్లు అతనికి కష్టకాలమే. ఒళ్లు పెరిగిందని అందరూ అనేవాళ్లు. 2007లో ‘యమదొంగ’కి బాగా సన్నబడి వచ్చాడు. అందులో సన్నబడడం కంటే నాకు గొప్పగా అనిపించింది వేరే ఉంది. కిరీటం పెట్టుకుని యముడి సభలో పౌరాణిక భాష మాట్లాడడం. అప్పటికి ఆ భాష తెర మీద దాదాపు లేకుండా పోయింది. సమాసాలు గడగడా దొర్లుతున్నాయి, ఎక్కడా అర్థం జారిపోలేదు. పక్కన యముడిగా మోహన్‌బాబు గారు. అంత పెద్ద గొంతు ముందు తగ్గకుండా నిలబడ్డాడు. హాల్లో నా వెనక సీట్లో ఒక ముసలాయన పద్యనాటకానికి కొట్టినట్టే “వన్స్‌మోర్” అని అరిచాడు.

తర్వాతవి మీకు తెలిసినవే. 2009లో ఎన్నికల ప్రచారం నుంచి వస్తూ కారు ప్రమాదం. 2014లో అన్నయ్య జానకిరామ్, 2018లో నాన్న, ఇద్దరూ రోడ్డు ప్రమాదాల్లోనే పోయారు. ఫంక్షన్లలో చివర అభిమానుల్ని జాగ్రత్తగా ఇంటికెళ్లమని అతను బతిమాలుతుంటే, అది మర్యాదకి అన్న మాటలా నాకెప్పుడూ వినపడదు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’లో కొమురం భీముడు. కొరడా దెబ్బలు తింటూ పాడే ఆ పాటకి కాలభైరవకి జాతీయ అవార్డు వచ్చింది. మరుసటి ఏడాది ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చిన రోజు మన గ్రూపులో మీరు పెట్టిన మెసేజిలు ఇప్పటికీ దాచుకున్నాను.

కానీ నాకు అన్నిటికంటే దగ్గరి సినిమా 2017లో వచ్చిన ‘జై లవ కుశ’. కల్యాణ్‌రామ్ తమ్ముడి కోసం తీశాడు. మూడు పాత్రలూ తారకే. నాటకాలాడే మేనమామ దగ్గర పెరిగిన ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు జైకి నత్తి. ఆ నత్తి వల్లే వాణ్ణి స్టేజీ మీద పక్కన పెడతారు. పెద్దయ్యాక వాడు రావణుణ్ణి నెత్తిన పెట్టుకుంటాడు. ఇరవై ఏళ్ల కింద మనం చూసిన రాముడే ఈ రావణుడు.

అంతవరకూ మన సినిమాల్లో నత్తి అంటే నవ్వించడానికే. ఆ సీన్లు వచ్చినప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ణి. జై మాట ఆగినప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. మాట రాక ముందు కళ్లలోకొచ్చే ఆ భయం, మెడ నరాలు బిగియడం, ఎదుటివాడు మన మాట పూర్తిచేసేస్తాడేమోనన్న కోపం అన్నీ ఉన్నాయి. అంత ధారగా మాట్లాడే మనిషికి ఇవన్నీ ఎలా తెలిశాయో! అదే సినిమాలో ఇంకో రెండు పాత్రలకి గొంతు గలగలా పారుతుంది. ముగ్గురూ ఒకే మనిషని మర్చిపోయాను.

మొదటిసారి ఒక్కణ్ణే చూశాను. ఆ ఆదివారమే ఊరెళ్లి మాస్టార్ని విజయవాడ తీసుకొచ్చాను. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి, చెవులు బాగా మందగించాయి. హాల్లో సౌండ్ ఎక్కువ గానీ మాట విడిగా తెలియడం లేదన్నారు. చెవి దగ్గర నోరు పెట్టి, ప్రతి డైలాగూ గుసగుసగా అందించాను. రెండున్నర గంటలు. పక్కవాళ్లు ఒకసారి విసుక్కున్నారు, తర్వాత ఊరుకున్నారు.

ఇంటర్వెల్‌కి ముందు మాస్టారు నా చెయ్యి పట్టుకుని అడిగారు.

“జై ఎక్కడ ఆగుతున్నాడ్రా?”

“మాట మొదట్లో, మాస్టారూ.”

“నీకూ అక్కడేగా” అన్నారు. కాసేపాగి, “చెప్పు, తర్వాతేమన్నాడు?” అని చెవి నా వైపు తిప్పారు.