గాజు పలక వెనక పేరు

పదకొండు దాటింది. ఈయన రేపు పొద్దున్నే వెళ్ళాలని తొమ్మిదికే పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. చిన్నాడు ఆ కోటలో అడిగిన మాట ఇంకా చెవిలోనే ఉంది.

పులిహోర కట్టుకుని, స్విట్జర్లాండ్‌లోని మోంట్రోలో రైలు దిగి, సరస్సు ఒడ్డునే ముప్పావు గంట నడిచాం. షియోన్ కోట దూరానికి నీళ్ళలోంచి లేచినట్టే ఉంటుంది. దగ్గరికెళ్తే ఒడ్డును ఆనుకున్న బండ, దాని మీద కోట, మధ్యలో వంతెన. ఆల్ప్స్ దాటి ఇటలీ వెళ్ళే దారి ఈ కొండకీ సరస్సుకీ మధ్య ఇరుకు సందులోంచే పోవాలి. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన సవాయ్ ప్రభువులు ఇక్కడ కూర్చుని సుంకం వసూలు చేసుకున్నారు. ఎండ, నీళ్ళు, ఎదురుగా మంచుకొండలు, అన్నీ బాగున్నాయి.

నేలమాళిగలోకి దిగాక నా మూడ్ మారిపోయింది. ఒకవైపు గోడంతా బండే. సన్నటి కిటికీల్లోంచి వచ్చిన వెలుగు, సరస్సు అలలతో పాటు పైకప్పు మీద కదులుతోంది. జెనీవాలో మఠాధిపతిగా ఉన్న బోనివార్ అనే ఆయన్ని 1530 నుంచి 1536 దాకా ఈ కోటలో బంధించారు. జెనీవా సవాయ్ చేతికి పోకూడదన్నందుకు. అందులో నాలుగేళ్ళు ఇక్కడే, స్తంభానికి గొలుసుతో. బెర్న్ సైన్యం వచ్చి విడిపించింది. ఆ స్తంభం దగ్గర ఎవరూ లేరు. జనమంతా ఇంకో స్తంభం చుట్టూ ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. అక్కడ రాతి మీద చెక్కిన బైరన్ పేరు, దానికో గాజు పలక. 1816లో చూడ్డానికి వచ్చిన ఇంగ్లీషు కవి. ఆరేళ్ళు మగ్గినవాడి కంటే ఒక్కరోజు వచ్చిపోయినవాడి గీతకి అంత కాపలా ఏంటి? ఖైదీ మీద కవిత రాశాడు, కోటకి అంత పేరొచ్చింది కూడా దానివల్లే, ఒప్పుకుంటాను. కాగితం మీద రాశాడుగా, రాయి మీద కూడా ఎందుకు?

ఇదే చిన్నాడితో అంటే వాడు, "మరి తాతయ్య నిన్ను కొట్టారు కదమ్మా?" అన్నాడు.

కొండపల్లి ఖిల్లా సంగతి మీకు చెప్పే ఉంటాను. ఐదో తరగతిలో ఉన్నాను. పెంకుముక్కతో గోడ మీద నా పేరు, క్లాసు, సెక్షన్ గీస్తుంటే నాన్న వెనక నుంచి వచ్చి చెంప ఛెళ్ళుమనిపించారు. "మీ తాత కట్టించాడా ఇది?" అన్నారు, అందరి ముందూ. మరుసటి ఆదివారం బెజవాడ వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళి ఓ డబ్బా కొన్నారు. కొట్టతను మిషన్ ఆన్ చేసి జుయ్‌మని చుక్కలు చుక్కలుగా నా పేరు వేస్తుంటే, పొడి ఎగిరి అతని వేళ్ళకి అంటుకుంది. "ఇది నీది. దీని మీద రాయించుకో," అన్నారు నాన్న. ఇవాళ పులిహోర తెచ్చింది ఆ డబ్బాలోనే.

ఇన్నేళ్ళూ ఈ కథ నాన్న గొప్పగా చెప్తూ వచ్చాను. ఇవాళ చిన్నాడు అడిగినప్పుడు మాత్రం చెంప మంట గుర్తొచ్చింది. పదేళ్ళ పిల్లని అంతమందిలో కొట్టకుండా ఉండాల్సింది. డబ్బా ఒక్కటి చాలేది నాకు. "తాతయ్య సారీ చెప్పారా?" అని కూడా అడిగాడు వాడు. చెప్పలేదన్నాను. బెంచీ మీద కూర్చుని పులిహోర తింటున్నంతసేపూ వాడు ఆ చుక్కల మీద వేలితో రాస్తూనే ఉన్నాడు.

బైరన్ మీద కోపం అప్పుడే పోయింది. అసలు కోపం ఆయన మీద కాదేమో.

డబ్బా తోమి బోర్లించాను. రేపు అమ్మకి ఫోన్ చేసి అడగాలి, ఆ ఆదివారం నన్ను కొట్టుకి తీసుకెళ్ళమన్నది తనేనా అని.