నెల్లూరు మిషన్, బెంగళూరు చలి

మా అత్తయ్య కుట్టుమిషన్ నెల్లూరు నుంచి ఇంటి సామానుతోపాటు బెంగళూరు వచ్చింది. నల్లటి పాతకాలపు తల, కాలితో తొక్కే స్టాండు. సంక్రాంతికి పాపకి పట్టులంగా కుడదామని మూత తీస్తే చక్రం కదల్లేదు. రెండు చేతులా పట్టి తిప్పితే కాస్త జరిగి మళ్ళీ ఆగిపోయింది. ఇనుప తల ఒక్కటే పది కిలోల పైమాట. మేముండే కె.ఆర్.పురం నుంచి దాన్ని ఎత్తుకుని చిక్కపేట బజారు దాకా ఎవరు పోతారు? వీధి చివర టైలర్‌ని అడిగి, ఇంటికొచ్చి చూసే మెకానిక్ నంబరు తీసుకున్నాను.

ఆయనది కోలారు వైపు, తెలుగు మనలాగే మాట్లాడతాడు. సంచి కూడా విప్పకుండా నూనె వేసే కన్నంలోకి ఒక సూది దూర్చి, బయటికి తీసి వాసన చూశాడు.

"కొబ్బరినూనె వేసేవాళ్ళా అమ్మా?"

అత్తయ్య అక్కడే కూర్చుని ఉంది. "పెళ్ళైనప్పటి నుంచీ అదే వేస్తున్నా నాయనా. ఏనాడూ ఆగలేదు."

"నెల్లూరులో ఆగదమ్మా. ఇక్కడ ఆగుద్ది."

ఆయన చెప్పాక చూస్తే అది రోజూ మా కళ్ళముందు జరుగుతున్నదే. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకడుతుంది. జనవరిలో బెంగళూరు తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు మామూలే. స్నానాల గదిలో తలనూనె సీసా రాయిలా బిగుసుకుపోతే వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించుకుంటాం. మిషన్ లోపల కూడా అదే నూనె కదా. దానికి ఏళ్ళ తరబడి దుమ్ము, నూలుపొట్టు తోడైతే జిగురులా తయారై ప్రతి కీలునీ పట్టేస్తుంది. ఒట్టి చలే అయితే కాస్త వెచ్చబెడితే వదులయ్యేదట. జిగురు పట్టాక కడగాల్సిందే.

కడగడానికి ఆయన దగ్గర చిన్న సీసాలో కిరోసిన్ ఉంది. ముందు బెల్టు తప్పించాడు. తలని వెనక్కి వాల్చి అడుగున కదిలే చోటల్లా, పైన ఉన్న కన్నాలన్నిట్లో చుక్కలు చుక్కలుగా వేసి చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఆడించాడు. కాసేపటికి నల్లటి మడ్డి కారడం మొదలైంది. పాత బనియన్ గుడ్డతో తుడవడం, మళ్ళీ వెయ్యడం, మళ్ళీ తుడవడం. వంటింటి వైపు తలుపు మూయించి, కిటికీలు తీయించాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. సూది కింద పళ్ళెం స్క్రూలు విప్పి చూస్తే, బట్టని ముందుకు నెట్టే పళ్ళ మధ్య నూలుపొట్టు దట్టంగా అణగిపోయి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే ముక్కలు ముక్కలుగా వచ్చింది. "బట్ట జరగటం లేదని చాలామంది ఫోన్ చేస్తారు మేడం. సగం మందికి ఇదే" అన్నాడు. మిగతా సగం మందికి కుట్టు పొడవు లివర్ సున్నా దగ్గర ఉంటుందట. అది చెప్పి తనే నవ్వాడు.

కిరోసిన్‌తో మిషన్ తిరుగుతుంది గానీ అది నూనె కాదు, శుభ్రం చేయడానికి మాత్రమే. అలాగే వదిలేస్తే ఇనుము ఇనుముతో రాసుకుని అరుగుతుంది. బాగా ఆరాక కుట్టుమిషన్ నూనె, నీళ్ళలా పలచగా తెల్లగా ఉండేది, ఒక్కో కన్నంలో ఒకటి రెండు చుక్కలు వేసి, ఏదో పాత గుడ్డ మీద దారం లేకుండా కాసేపు తొక్కమన్నాడు. ఎక్కువైన నూనె ఆ గుడ్డకే అంటుకుంటుంది, పట్టుకి కాదు. మర్నాడు పెడల్ మీద కాలు పెడితే చక్రం దానంతట అదే పరుగెత్తింది. అత్తయ్య మొహం చూడాలి. కొబ్బరినూనె మీద మాట పడినందుకు ఉన్న అలక మాత్రం ఇంకో పూట సాగింది.

అక్కడితో అయిపోలేదు. కుట్టడం మొదలెడితే పైన కుట్టు బాగానే ఉంది, కింద దారం ఉండలు ఉండలుగా చుట్టుకుంటోంది. పక్కింటి వదిన చూసి, కింద చిక్కు పడుతోంది కాబట్టి బాబిన్ కేస్ (కింద దారం చుట్టిన బాబిన్ కూర్చునే చిన్న డబ్బీ) స్క్రూ బిగించమంది. చూడబోతే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "స్క్రూ జోలికి పోకండి. పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం పెట్టి రెండు అంగుళాలు కుట్టి, కింద వైపు ఏం కనబడతా ఉందో చెప్పండి" అన్నాడు. కింద ఎర్ర ఉచ్చులే. అంటే పైదారానికి పట్టు లేదు. వదులుగా ఉన్న దారాన్ని బాబిన్ దారం కిందకి లాగేస్తోంది. చిక్కు కనిపించేది కింద, కారణం పైన. పైన తెల్లదారం తేలితే అప్పుడు బాబిన్ కేస్‌ని అనుమానించాలి.

పైదారాన్ని పట్టి ఉంచేవి రెండు చిన్న బిళ్ళలు. ఫుట్, అంటే సూది దగ్గర బట్టని అదిమిపట్టేది, పైకి ఎత్తితే అవి విడివడతాయి, దించితే బిగుస్తాయి. అందుకే దారం ఎప్పుడూ ఫుట్ ఎత్తి ఎక్కించాలి, లేకపోతే బిళ్ళల మధ్యకి దిగదు. మా మిషన్‌లో ఫుట్ ఎత్తి, గట్టి గుడ్డ అంచుని ఆ బిళ్ళల మధ్య అటూ ఇటూ లాగితే ఎప్పటిదో పాత దారం ముక్క బయటపడింది. అది అడ్డుపడి బిళ్ళలు సరిగా మూసుకోవడం లేదు. ముక్క పోయాక ఉండలూ పోయాయి. స్క్రూ తిప్పి ఉంటే ఇప్పుడు దాన్ని వెనక్కి తిప్పుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. ఎప్పుడైనా తిప్పక తప్పకపోతే పావు చుట్టు మించకూడదనీ, ముందు స్క్రూ గాడి ఎటు ఉందో ఫోటో తీసుకోమనీ ఆయనే చెప్పాడు.

అసలు తిప్పలు జరీ అంచు దగ్గర మొదలయ్యాయి. నాలుగు కుట్లు పడతాయి, ఒకటి వదిలేస్తుంది. ఇది మాత్రం మెకానిక్‌ని అడక్కుండానే సర్దుకుంది. మిషన్‌లో ఉన్నది 16 నంబరు సూది, దుప్పట్లకీ జీన్సుకీ వాడే లావుది. పైగా మొన అరిగిపోయింది, గోటి మీద రాస్తే తెలుస్తుంది. పలచటి పట్టుకి 11, మామూలు కాటన్ జాకెట్టుకి 14 సరిపోతాయి. జరీ సూది మొనని తొందరగా తినేస్తుంది, కాబట్టి లంగా మొదలెట్టే ముందే కొత్త సూది వెయ్యడం మేలు. మనవాళ్ళు సూది విరిగితే తప్ప మార్చరు, మా అత్తయ్యతో సహా. ఏడెనిమిది గంటలు కుట్టాక సూది పని అయిపోయినట్టేనని మిషన్లు వాడేవాళ్ళు చెప్పే లెక్క.

సూది పెట్టడంలో కూడా ఒక కిటుకు ఉంది. సూది పైభాగం ఒకవైపు చదునుగా ఉంటుంది. ఇప్పటి మిషన్లలో ఆ చదును వెనక్కి ఉండాలి. పాత నల్ల మిషన్లలో పక్కకి తిరిగి ఉంటుంది. ఎటు అన్నది గుర్తు లేకపోతే, సూది ఒంటి మీద ఉన్న పొడవాటి గాడి చూడండి. దారం ఏ వైపు నుంచి సూదిలోకి దూరుతుందో గాడి ఆ వైపే ఉండాలి. సూదిని పైకంటా నెట్టి బిగించాలి. కొంచెం కిందకి జారినా షటిల్ (కింద తిరుగుతూ పైదారాన్ని అందుకునే భాగం) మొనకి దారం అందదు, కుట్టు తప్పుతుంది.

కొత్త సూది వేసినా కుట్టు తప్పుతుంటే అప్పుడు టైమింగ్, అంటే సూదీ షటిలూ కలిసే వేళ, చూడాలి. సూది అట్టడుగుకి వెళ్ళి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లేచేసరికి షటిల్ మొన దాని పక్కకి వచ్చి దారం ఉచ్చుని అందుకోవాలి. ఇది ఇంట్లో మనం చెయ్యాల్సిన పని కాదని నా అభిప్రాయం. మాకు అక్కడిదాకా రాలేదు, 11 నంబరుతో అంచు మొత్తం తప్పకుండా పడింది.

బాబిన్‌కి దారం చుట్టే చోట రబ్బరు రింగు అరిగి, చక్రాన్ని పట్టడం లేదు. ప్రస్తుతానికి చేత్తోనే చుడుతున్నాను, వదులుగా, ఎగుడుదిగుడుగా వస్తోంది. రింగు చిక్కపేటలో దొరుకుతుందట. గ్రీన్ లైన్ మెట్రో దిగితే అక్కడే. పాత రింగు పర్సులో వేసుకున్నాను, సైజు చూపించడానికి.