విశ్రాంత జీవితపు జమాఖర్చులు

ఈ రోజు మధ్యాహ్నం మా వారూ నేనూ కూర్చుని, గత సంవత్సరపు ఖర్చుల పుస్తకాన్ని ఉద్యోగాల ఆఖరి సంవత్సరపు పుస్తకంతో పోల్చి చూసుకున్నాం. రాకపోకల పద్దు దాదాపు ఖాళీ. ఆఫీసుకోసం కొనే బట్టలు, బయటి భోజనాలు కూడా బాగా తగ్గాయి. మందుల పద్దు మాత్రం పేజీ అడుగుదాకా నిండిపోయి, అంచున సన్నటి అక్షరాలతో ఇరికించి రాయవలసి వచ్చింది.

ఖర్చు తగ్గినంత మాత్రాన జీవనం తగ్గినట్టు కాదు. పదవీ విరమణ తరువాత అమెరికన్లు ఆహారం మీద పెట్టే డబ్బు తగ్గినా, వారు తినే తిండి పరిమాణంలో గానీ నాణ్యతలో గానీ తగ్గలేదని ఆగ్యార్, హర్స్ట్ అనే ఆర్థికవేత్తలు 2005లో చూపించారు. చూసి కొనడానికీ ఇంట్లో వండుకోవడానికీ తీరిక దొరకడమే అందుకు కారణమట. మా పుస్తకంలోనూ అదే కనిపించింది.

నన్ను బాధపెడుతున్నది వేరే విషయం. వినికిడి యంత్రం పెట్టుకోవాలని వైద్యుడు చెప్పి చాలా కాలమైనా, "ముందుముందు ఏ అవసరం వస్తుందో" అంటూ మా వారు వాయిదా వేస్తూనే ఉన్నారు. మనుమరాలి చదువుకు అడిగినప్పుడు మాత్రం ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. మనుషులు సంపాదించే వయసులో కూడబెట్టి, విశ్రాంతి కాలంలో దాన్ని తీసి వాడుకుంటారన్నది 1985లో నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త ఫ్రాంకో మోదిగ్లియానీ సిద్ధాంతం. కానీ ఎన్నాళ్లు బతుకుతామో, ఏ జబ్బు ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు అసలు సొమ్ము ముట్టుకోవడానికి చేతులు రావు. ఆ భయం ఉత్తది కాదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది.

అయితే దానికీ ఒక లెక్క ఉన్నది. మొదటి సంవత్సరం నిల్వలో 4 శాతం తీసుకుని, తరువాత ధరలతో పాటు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయినా 30 ఏళ్లు సరిపోతుందని విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో అమెరికా షేర్లు, బాండ్ల మార్కెట్ల చరిత్రను బట్టి తేల్చాడు. అన్ని దేశాలకూ అది అచ్చంగా వర్తించదు గానీ, మేము తీస్తున్నది అందులో సగం కూడా లేదు. "ఏమండీ, ఆరోగ్యం కోసమే దాచిన డబ్బు ఇది, మీ చెవులకు కాక ఇంక దేనికి?" అని అడిగాను. చాలాసేపటికి ఒప్పుకున్నారు. ఆస్పత్రి అవసరాలకు విడిగా ఎంత ఉంచాలన్నది మాత్రం తేలలేదు. రెండేళ్ల ఖర్చుకు సరిపడా ఉండాలని ఆయన అంటున్నారు, బీమా ఉన్నది కనుక ఏడాదికి సరిపడా చాలునని నేనంటున్నాను.