వరి కుచ్చు కింద ఇద్దరు అతిథులు

సంక్రాంతికి ఊరి నుంచి తెచ్చిన వరి కుచ్చును సీతమ్మధారలోని మా ఇంటి వసారాలో వేలాడదీశాను. పగలు దానిపై పిచ్చుకలు వాలుతాయి. అవి రాల్చిన గింజల కోసం రాత్రి ఒక చిట్టెలుక గోడ వారగా వస్తుంది.

రెండింటికీ శాస్త్రీయ నామాలు పెట్టినవాడు స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయసే, అదీ 1758లోనే. బరువులోనూ పెద్ద తేడా లేదు. పిచ్చుక 25 నుంచి 30 గ్రాములు తూగితే, ఎలుక సుమారు 20 గ్రాములుంటుంది. తినే తీరు మాత్రం వేరు. పిచ్చుక గింజను ముక్కు అంచుల మధ్య దొర్లించి, ఊకను రాల్చి, లోపలి బియ్యాన్ని మింగుతుంది. పళ్లు లేని లోటును కందనకాయ తీరుస్తుంది. ఎలుక ముందుకాళ్లతో గింజను పట్టుకుని కొరుకుతుంది. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక గింజలు లేనినాడు మరేదైనా కొరుకుతుంది. మా వాషింగ్ మెషీన్ గొట్టం అలాగే పోయింది.

పిచ్చుక శరీర ఉష్ణోగ్రత సుమారు 41 డిగ్రీలు, ఎలుకది 37. పక్షుల రక్తంలో చక్కెర మనకంటే రెట్టింపుకు పైగా ఉంటుంది. మన లెక్కన ప్రతి పిచ్చుకా మధుమేహ రోగే. అయినా ఎలుక ప్రయోగశాలలో సైతం రెండు మూడేళ్లకు మించి బతకడం అరుదు కాగా, ఆరుబయట పదేళ్లు దాటిన పిచ్చుకలు నమోదయ్యాయి. రెక్కలున్న ప్రాణి శత్రువుకు తేలికగా చిక్కదు కాబట్టి, ఎక్కువ కాలం మన్నే శరీరం దానికి పరిణామక్రమంలో అబ్బిందని జీవశాస్త్రజ్ఞులు వివరిస్తారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పిల్లల పెంపకం. తల్లి ఎలుక మూడు వారాలు మోసి ఐదారు పిల్లలను కంటుంది. అన్నం మెతుకులు తిన్నా, రొట్టె ముక్క తిన్నా వాటిని పాలుగా మార్చి పిల్లలకు ఇవ్వగలదు. పిచ్చుకకు పాలు లేవు. గుడ్లు పొదిగిన తరువాత సుమారు రెండు వారాల పాటు తల్లిదండ్రులిద్దరూ పురుగులు తెచ్చి పెట్టాలి, ఎందుకంటే పసికూనలు పెరగడానికి గింజల్లోని మాంసకృత్తులు చాలవు. అంటే నా వరి కుచ్చు పెద్ద పిచ్చుకల ఆకలి తీర్చిందే గాని, కూనలకు పెద్దగా అక్కరకు రాలేదు; ఎలుక సంసారానికి మాత్రం పూర్తిగా ఉపయోగపడింది!

అందుకే ఈ ఏడాది పెరట్లోని చిక్కుడు పాదుకు మందు కొట్టడం మానేశాను. ఆకులు జల్లెడలయ్యాయి. నిన్న ఉదయం ఆడపిచ్చుక ఒకటి ఆ పాదులోంచి మెలికలు తిరుగుతున్న పచ్చని పురుగును ముక్కున కరుచుకుని, కరెంటు మీటరు పెట్టె వెనకకు దూరింది.