ఓపెన్ బాఫిల్ స్పీకర్లు: డ్రైవర్ కొనే ముందు బోర్డు సంగతి తేల్చుకోండి

వెనక బాక్స్ లేని స్పీకర్లంటే, అదే ఓపెన్ బాఫిల్ అంటే, నాకు చాలా ఇష్టం. ఒక చెక్క బోర్డు (బాఫిల్ అంటే అదే), దానికో గుండ్రటి కన్నం, అందులో ఒకే ఒక్క ఫుల్ రేంజ్ డ్రైవర్, అంటే కింది నుంచి పై దాకా శబ్దమంతా తానే పాడే భాగం, అంతే. మనిషి గొంతు, వయొలిన్, ఫ్లూట్ ఇందులో వినిపించినంత స్వేచ్ఛగా చిన్న బాక్సుల్లో వినిపించవని నా గట్టి అభిప్రాయం. బాక్స్ లోపల కొట్టుకుని, పల్చటి కోను (డ్రైవర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) గుండా మళ్లీ బయటికి వచ్చే శబ్దం ఒకటి ఉంటుంది, అది ఉన్నంతసేపూ మనకి తెలియదు, లేనప్పుడే తెలుస్తుంది.

ఇవి కట్టుకుందామనుకునే వాళ్లందరూ మొదట అడిగేది ఏ డ్రైవర్ కొనాలి అని. ఆ ప్రశ్న తర్వాత వేసుకోవాల్సింది. బోర్డు ఎంత వెడల్పు పెట్టగలరు, వెనక గోడకి ఎంత దూరంలో నిలబెట్టగలరు, పై శబ్దంలో ఎన్ని డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) వదులుకోవడానికి సిద్ధంగా ఉన్నారు, ఇవి తేలితే డ్రైవర్ దానంతట అదే తేలుతుంది. ఓపెన్ బాఫిల్‌లో బేస్ ఊరికే రాదు, పైన తగ్గించుకున్నంతే కింద దక్కుతుంది. ఈ పోస్టంతా ఆ లెక్క గురించే.

కోను ముందుకి కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పల్చబడుతుంది. అంటే ముందు శబ్దం, వెనక శబ్దం ఒకదానికొకటి సరిగ్గా తలకిందులు. వెనకది బోర్డు అంచు చుట్టూ తిరిగి ముందుకి వచ్చి కలిస్తే రెండూ కొట్టుకుపోతాయి. పై ఫ్రీక్వెన్సీల్లో ఇది పెద్ద సమస్య కాదు, తరంగం పొట్టిది కాబట్టి. కింది ఫ్రీక్వెన్సీల్లో తరంగం పొడవు ముందు బోర్డు ఎంత, ఏమీ కాదు. చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో కదిలే కాయిల్ స్పీకర్ గురించి రాసిన రోజుల్లోనే బాఫిల్ ఎందుకు కావాలో తెలుసు.

అంకెల్లో చూద్దాం. 50 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు తీసుకుంటే డ్రైవర్ నుంచి అంచుకి సుమారు 25 సెంటీమీటర్లు, వెనక శబ్దం అదనంగా నడిచే దూరం అదే. ఆ దూరం తరంగంలో ఆరో వంతు అయ్యే చోట, అంటే దాదాపు 230 హెర్ట్జ్ దగ్గర, అంతులేని గోడలో డ్రైవర్ బిగించినంత శబ్దమే వస్తుంది, లాభమూ లేదు నష్టమూ లేదు. అక్కడి నుంచి కిందకి ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ, 6 డెసిబెల్స్ చొప్పున జారుతుంది. 115 దగ్గర 6 పోతుంది, 57 దగ్గర 12 దాకా పోతుంది. పైకి వెళ్తే 690 హెర్ట్జ్ దగ్గర రెండు తరంగాలూ కలిసి ఎత్తు లేస్తుంది, గుండ్రటి బోర్డు మధ్యలో డ్రైవర్ పెడితే అది పూర్తిగా 6 డెసిబెల్స్, తర్వాత 1370 దగ్గర గుంట. అందుకే గుండ్రటి బోర్డు చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా నేను చేయను. దీర్ఘచతురస్రపు బోర్డులో డ్రైవర్‌ని మధ్య నుంచి పక్కకి జరిపితే ఒక్కో అంచు ఒక్కో దూరంలో ఉంటుంది, ఆ ఎత్తూ గుంటా చెదిరిపోయి చాలావరకు సర్దుకుంటాయి. బోర్డు నేలకి ఆనించి ఉంటే కింది వైపు అంచు లేనట్టే కాబట్టి బేస్‌కి ఇంకొంచెం సాయం.

ఇదే లెక్కతో 40 హెర్ట్జ్ దాకా ఏమీ పోకూడదంటే బోర్డు దాదాపు 2.9 మీటర్ల వెడల్పు ఉండాలి. ఇంట్లో అది కుదరదు. కాబట్టి "ఇంకో పది సెంటీమీటర్లు పెంచితే బేస్ వచ్చేస్తుంది" అన్న ఆశ వదిలేయండి, ఆ పది సెంటీమీటర్లకి దక్కేది ఒకటిన్నర డెసిబెల్.

ఇక డ్రైవర్. డేటాషీట్‌లో క్యూటీఎస్ (Qts) అని ఒక అంకె ఉంటుంది, కోను ఊపుని డ్రైవర్ ఎంత గట్టిగా పట్టి ఆపుతుందో చెప్పేది, అంకె తగ్గేకొద్దీ పట్టు ఎక్కువ. ఇంజనీర్ నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, తర్వాత 1970లలో రిచర్డ్ స్మాల్ పూర్తి చేసిన లెక్కల్లోది అది. ఓపెన్ బాఫిల్‌కి ఇంతకంటే ముఖ్యమైన అంకె లేదు, ఎందుకంటే రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ (కోను తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) దగ్గర డ్రైవర్ ఇచ్చే శబ్దం, పై ఫ్రీక్వెన్సీల్లో ఇచ్చేదానికి సరిగ్గా ఆ అంకె అన్ని రెట్లు ఉంటుంది. క్యూటీఎస్ 0.7 అయితే అక్కడ 3 డెసిబెల్స్ తక్కువ. 0.3 అయితే 10 తక్కువ. 1.26 అయితే 2 ఎక్కువ. దీనికి పైన చెప్పిన బోర్డు నష్టం కలపండి. రెజొనెన్స్ 40 హెర్ట్జ్ ఉన్న డ్రైవర్‌ని 50 సెంటీమీటర్ల బోర్డులో పెడితే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర బోర్డు నష్టమే 15 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అప్పుడు 0.3 డ్రైవర్ మొత్తం 25 కిందకి పోతుంది, 0.7 డ్రైవర్ 18 కిందకి, 1.26 డ్రైవర్ 13 కిందకి. డ్రైవర్లు మూడూ ఒకే సైజు, ఒకే రెజొనెన్స్ అయినా వినిపించేది మూడు వేరు వేరు స్పీకర్లు.

చాలామంది పెద్ద అయస్కాంతం చూసి డ్రైవర్ ఎంచుకుంటారు. బాక్స్‌కీ, హార్న్‌కీ (డ్రైవర్ ముందో వెనకో గరాటులా విచ్చుకునే గొట్టం) అది మంచిదే. ఇక్కడ మాత్రం పెద్ద అయస్కాంతం అంటే తక్కువ క్యూటీఎస్, అంటే రెజొనెన్స్ దగ్గర కోనుని గట్టిగా పట్టి ఆపేయడం. లౌథర్, ఫోస్టెక్స్ లాంటి కంపెనీల బలమైన అయస్కాంతం ఉన్న ఫుల్ రేంజ్‌లు వాటికి తగ్గ హార్న్‌లో అద్భుతంగా పాడతాయి, ఉట్టి బోర్డులో పెడితే సన్నగా, అరిచినట్టు వినిపిస్తాయి. డ్రైవర్ చెడ్డది కాదు, చోటు తప్పు. నా మట్టుకు ఉట్టి బోర్డుకి 0.6 కంటే తక్కువ ఉన్నది తీసుకోను, 0.7 నుంచి 1 మధ్య దొరికితే సంతోషం.

ఇప్పటికే చేతిలో తక్కువ క్యూటీఎస్ డ్రైవర్ ఉంటే ఒక దారి ఉంది. దానితో సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టడం. కాయిల్ డీసీ రెసిస్టెన్స్ 6 ఓమ్‌లు అనుకుంటే ఇంకో 6 ఓమ్‌లు కలిపితే క్యూటీఎస్‌ని ఎక్కువగా నిర్ణయించే ఎలక్ట్రికల్ క్యూ రెట్టింపు అవుతుంది, 0.32 ఉన్న క్యూటీఎస్ దాదాపు 0.6కి వస్తుంది. దీనికి పెట్టే ఖర్చు మధ్య ఫ్రీక్వెన్సీల్లో సుమారు 6 డెసిబెల్స్. రెజొనెన్స్ దగ్గర డ్రైవర్ ఇంపీడెన్స్ (కరెంట్‌కి అది చూపే అడ్డు) బాగా ఎక్కువ కాబట్టి అక్కడ పెద్దగా ఏమీ పోదు, పోయేదంతా పైనే, అంటే మనకి కావలసిందే జరుగుతుంది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ ఉన్న వాల్వ్ ఆంప్లిఫయర్లు ఈ డ్రైవర్లతో బాగా కలుస్తాయని అంటారు కదా, కారణం ఇదే, అందులో మాయేమీ లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి, కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పై చివర ఇంపీడెన్స్ పెరుగుతుంది కాబట్టి రెసిస్టర్ పెట్టాక ట్రెబుల్ కూడా కొంచెం లేస్తుంది.

క్యూటీఎస్ బాగున్నా బోర్డు వల్ల బేస్ జారిపోయే వాలుని ఎక్కడో ఒక చోట సరిచేయాల్సిందే. సులువైన పద్ధతి ఒక ఇండక్టర్ (తీగ చుట్ట), ఒక రెసిస్టర్ పక్కపక్కన సమాంతరంగా కలిపి ఆ జతని డ్రైవర్‌కి సిరీస్‌లో పెట్టడం. 8 ఓమ్‌ల డ్రైవర్‌కి 2 మిల్లీహెన్రీ, 8 ఓమ్‌లతో మొదలుపెడితే సుమారు 320 నుంచి 640 హెర్ట్జ్ మధ్యలో శబ్దం 6 డెసిబెల్స్ దిగి అక్కడి నుంచి అలాగే ఉంటుంది. ఇండక్టర్ లావు తీగది తీసుకోండి, సన్న తీగదైతే దాని సొంత రెసిస్టెన్స్ బేస్‌లోనూ కొంత తినేస్తుంది. తర్వాత రెసిస్టర్ మార్చుకుంటూ వినండి, 4 నుంచి 10 ఓమ్‌ల మధ్య ఎక్కడో గొంతు బరువు సరిగ్గా కుదురుతుంది. డీఎస్పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సరిచేసే పరికరం) ఉంటే ఇదంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసుకోవచ్చు, అది ఇంకా కచ్చితం. కానీ నష్టం అక్కడా అదే. ఒక్క వాట్‌కి 95 డెసిబెల్స్ అని రాసున్న డ్రైవర్‌ని 9 డెసిబెల్స్ దించితే మీ చేతిలో ఉన్నది 86 డెసిబెల్స్ స్పీకర్. డబ్బా మీద 95 ఉంది కదా అని మూడు వాట్ల ఆంప్ కొనేముందు ఈ తీసివేత చేయండి.

బేస్‌ని ఈక్వలైజర్‌తో పైకి లాగడం అంటే నాకు భయం. మామూలు బాక్స్‌లో ఒక ఆక్టేవ్ కిందకి అదే శబ్దం కావాలంటే కోను నాలుగు రెట్లు కదలాలి, ఓపెన్ బాఫిల్‌లో ఎనిమిది రెట్లు. ఫుల్ రేంజ్ కోను కదలగలిగేది చాలా డ్రైవర్లలో ఒకటి రెండు మిల్లీమీటర్లే. 50 హెర్ట్జ్ కోసం దాన్ని కష్టపెడితే అదే కోను పాడుతున్న గొంతు కూడా వణుకుతుంది.

బోర్డు పని విషయానికొస్తే, మొదట చవక ప్లైవుడ్‌తో చేయండి, మందం అట్ట అయినా పర్వాలేదు, విని, డ్రైవర్ చోటు అటూ ఇటూ జరిపి చూసి, తృప్తిగా అనిపించాకే మంచి చెక్క ముట్టుకోండి. చివరి దానికి 18 నుంచి 25 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లై నాకు నచ్చుతుంది. మందం పెరిగేకొద్దీ కన్నం ఒక చిన్న గొట్టంలా మారి కోను వెనక గాలికి దారి మూసేస్తుంది, అందుకే వెనక వైపు కన్నం అంచుని రౌటర్‌తో 45 డిగ్రీల వాలుగా చెక్కేయాలి. ఇది చేసిన బోర్డుకీ చేయని దానికీ తేడా కొలవక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. డ్రైవర్ బిగించే ముందు 1.5 వోల్ట్ బ్యాటరీ క్షణం సేపు తగిలించి రెండు స్పీకర్ల కోనులూ ఒకే వైపు కదులుతున్నాయో లేదో చూసుకోండి. బోర్డు నిలబడ్డానికి వెనక రెండు త్రికోణపు ఊతాలు చాలు, అవి గాలిని అడ్డుకోనంత సన్నగా ఉండాలి.

కొలిచేవాళ్లకి ఒక మాట. మైక్‌ని కోనుకి ఆనించి కొలిస్తే బేస్ అద్భుతంగా కనిపిస్తుంది, ఎందుకంటే అంత దగ్గర వెనక శబ్దం లెక్కలోకే రాదు. ఓపెన్ బాఫిల్‌కి ఆ కొలత పనికిరాదు. మీటరు దూరం నుంచి, తర్వాత కూర్చునే చోటు నుంచి కొలవండి. చేయకముందే వంపు ఎలా ఉంటుందో చూడాలంటే టోల్వన్ డేటా వాళ్ల ఎడ్జ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, బోర్డు గీసి డ్రైవర్ జరుపుతుంటే గ్రాఫ్ మారుతూ ఉంటుంది.

గది గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. బాక్స్ స్పీకర్‌ని గోడకి దగ్గరగా జరిపితే బేస్ పెరుగుతుంది, దీన్ని జరిపితే తగ్గుతుంది. వెనక శబ్దం తలకిందులుగా ఉంది కదా, అది గోడకి తగిలి వెంటనే తిరిగొచ్చి ముందుదాన్ని చంపేస్తుంది. మీటరు దూరం ఇస్తే ఆ శబ్దం 2 మీటర్లు ఎక్కువ నడిచి దాదాపు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, 86 హెర్ట్జ్ దగ్గర అది ముందు శబ్దానికి తోడవుతుంది కూడా. మృదంగం, డ్రమ్ములకి ఆ సాయం ఎంత బాగుంటుందో! అరమీటరే ఇస్తే ఆ తోడు 170 దగ్గరికి జరిగిపోతుంది, కింద మిగిలేది తక్కువ. అంత దూరం ఇవ్వలేని గది అయితే నా సలహా ఓపెన్ బాఫిల్ వద్దనే, మంచి సీల్డ్ బాక్స్ (గాలి చొరకుండా మూసిన బాక్స్) కట్టుకోండి. పక్క గోడలతో మాత్రం పేచీ లేదు, బోర్డుకి సరిగ్గా పక్కన రెండు శబ్దాలూ రద్దయిపోతాయి కాబట్టి అటు వైపు వెళ్లేదే తక్కువ. 8 అంగుళాల కోను 2000 హెర్ట్జ్ దాటాక టార్చిలైట్‌లా ముందుకే కొడుతుంది, కాబట్టి స్పీకర్లు మీ వైపు ఎంత తిప్పాలన్నది చెవితోనే తేల్చుకోవాలి. విజర్ కోను (పెద్ద కోను మధ్యలో ట్రెబుల్ కోసం అతికించే చిన్న కోను) అరుపు ఉన్న డ్రైవర్‌ని పూర్తిగా మీ వైపు తిప్పకండి, పదీ పదిహేను డిగ్రీలు పక్కకి వదిలితే ఫిల్టర్ అవసరం లేకుండానే మెత్తబడుతుంది.

ఇంత చేశాక కూడా 80 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ ఉండదు. అది కావాలంటే కింద ఒక పెద్ద వూఫర్ (బేస్ మాత్రమే పాడే డ్రైవర్) పెట్టడమే మార్గం. ఎమినెన్స్ ఆల్ఫా 15ఏని చాలామంది ఇందుకే వాడతారు, పైన చెప్పిన 1.26 దాని క్యూటీఎస్సే, రెజొనెన్స్ 41 హెర్ట్జ్. 150 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒక చోట నుంచి కిందిదంతా దానికి అప్పగిస్తే ఫుల్ రేంజ్ కోను కదలడం బాగా తగ్గి గొంతు ఇంకా తేటపడుతుంది, బోర్డు కూడా సన్నగా చేసుకోవచ్చు. వూఫర్‌కి వేరే ఆంప్, ముందు డీఎస్పీ లేదా చిన్న యాక్టివ్ క్రాసోవర్ (ఆంప్‌కి ముందే బేస్‌నీ పై శబ్దాన్నీ విడదీసేది) పెట్టండి. అంత కింద పాసివ్ క్రాసోవర్ (ఆంప్‌కి తర్వాత విడదీసేది) అంటే ఇండక్టర్లు చాలా పెద్దవైపోతాయి, పైగా రెజొనెన్స్ దగ్గర ఇంపీడెన్స్ ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల లెక్క ప్రకారం పనిచేయవు. నేను ప్రస్తుతం 180 దగ్గర కలిపి వింటున్నాను, 150కి దించితే మగ గొంతుల్లో ఇంకొన్ని కింది స్వరాలు ఫుల్ రేంజ్ కోను నుంచే వస్తాయి కదా అని అటు కూడా ప్రయత్నిస్తున్నాను.