ఎండ, వాన, ఘాట్ చలి: మౌంటెన్ బైక్ బట్టలు, సామాన్లు కుదుర్చుకున్న నా అనుభవం

మాది విజయనగరం, గంట్యాడ వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెప్తాను, వయసు 38. రెండేళ్ళ కింద సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడు వాడి వదిలేసిన మౌంటెన్ బైక్ నేను తీసుకున్నాను, 27.5 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్ 100 మిల్లీమీటర్లు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు. సైకిల్ చేతికొచ్చింది కదా ఇంకేం కొనాలి అనుకున్నా. తీరా చూస్తే ఒంటి మీద ఏం వేసుకోవాలి, ఏ కాలానికి సైకిల్‌కి ఏం మార్చాలి అన్నది కుదరడానికే ఏడాదిన్నర పట్టింది. నాకు దొరికిన సలహాలన్నీ చలి దేశాల వాళ్ళు రాసినవి, మన ఉక్కపోత వాళ్ళకి తెలీదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం.

ముందు వాన జాకెట్ గురించి చెప్తాను, ఎందుకంటే ఎక్కువ డబ్బులు పోసింది దానికే. మే చివర్లో 4,200 పెట్టి కొన్నాను. లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంది, అంటే ఆ గుడ్డ మీద అంత ఎత్తు నీళ్ళు నిలబెట్టినా లోపలికి దిగదని అర్థం, చదివి చాలా ధైర్యం వచ్చింది. జులైలో ఒక ఆదివారం రామతీర్థం వైపు బయల్దేరాను, బోధికొండ, గురుభక్తులకొండ కింద మట్టి దారులున్నాయి కదా అటు. వాన మొదలైంది, జాకెట్ వేసుకున్నా, అరగంట తొక్కేసరికి లోపల చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. చిరిగిందేమో అని ఇంటికొచ్చి బకెట్ నీళ్ళు పోసి చూశాను, చుక్క దిగలేదు. ఆ తడంతా నా చెమటే. ఇలాంటి గుడ్డలోంచి ఆవిరి బయటికి పోవాలంటే లోపలి కంటే బయట గాలి బాగా పొడిగా, చల్లగా ఉండాలి, చలి దేశాల్లో అలా ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. జులైలో మన దగ్గర గాలే తడిగుడ్డలా ఉంటే ఇంక ఆవిరి ఎక్కడికి పోతుంది. పిల్లలకి క్లాసులో ఆవిరి గురించి చెప్పేదాన్నే, జాకెట్ కొనేటప్పుడు మాత్రం ఆ ఆలోచన తట్టలేదు.

అప్పట్నుంచి వానకి నా పద్ధతి మార్చేశాను. తడవకుండా ఉండాలనే ఆశ వదిలేశా, తడిసినా తొందరగా ఆరేవే వేసుకుంటా. పల్చటి పాలిస్టర్ జెర్సీ, చంకల కింద జాలీ ఉన్నది, దాని మీద గాలి ఆపే పల్చటి విండ్‌చీటర్, అది మడిస్తే గుప్పిట్లో పడుతుంది, 900 రూపాయలు. ఇంకో పొడి టీషర్టు, చిన్న తువ్వాలు జిప్ కవర్లో పెట్టి బ్యాగులో వేసుకుంటా. తొక్కుతున్నంతసేపు తడి ఏమీ చెయ్యదు, ఆగినప్పుడే ఒళ్ళు చల్లబడి వణుకొస్తుంది, అప్పుడు ఆ పొడి టీషర్టు విలువ తెలుస్తుంది. 4,200 జాకెట్ ఇప్పుడు మా ఆయన స్కూటీ మీద ఆఫీసుకి వేసుకెళ్తున్నారు, దానికది బాగానే పనికొస్తోంది.

వానలో ఇంకో ముఖ్యమైన విషయం పిడుగులు. మన జిల్లాల్లో పొలాల్లో పిడుగు పడి మనుషులు పోవడం ఏటా వింటూనే ఉంటాం. విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళు మండలాల వారీగా పిడుగు హెచ్చరికలు ఇస్తారు, ఫోన్లో దామిని యాప్ కూడా పెట్టుకున్నాను, అందులో చుట్టుపక్కల ఎక్కడ పిడుగులు పడుతున్నాయో కనిపిస్తుంది. ఉరుము వినబడితే గట్టు మీద, తాటిచెట్ల కింద ఉండొద్దు, పక్కా ఇంట్లోకి వెళ్ళిపోవాలి. హెల్మెట్ కొన్న రోజే ఈ యాప్ కూడా ఎక్కించుకోండి.

ఇంక షార్ట్స్. ఇది ఆడవాళ్ళు ఎవరూ బయటికి చెప్పరు గానీ మొదటి రెండు నెలలు నాకు కూర్చునే దగ్గర రాపిడికి పుండ్లు పడి స్కూల్లో బల్ల మీద కూర్చోలేకపోయేదాన్ని. చుడీదార్ పాంటు, మామూలు కాటన్ లోదుస్తులు, వాటి కుట్లు అన్నీ ఒకే చోట గుచ్చుకునేవి. మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ తెప్పించుకున్నా అదే బాధ, ఎందుకో చాన్నాళ్ళు తెలీలేదు. దాని లోపల ఇంకేం వేసుకోకూడదట, మెత్తే నేరుగా ఒంటికి ఆనాలి. ఇంకొకటి, నేను తెచ్చింది మగవాళ్ళ షార్ట్స్, మెత్త ఆకారమే వేరు. ఆడవాళ్ళది తెచ్చుకుని, తొడల లోపల కొంచెం పెట్రోలియం జెల్లీ రాసుకోవడం మొదలెట్టాక పుండ్లు మళ్ళీ రాలేదు. ఉతికేటప్పుడు కంఫర్ట్ లాంటివి వెయ్యకూడదు, తిరగేసి నీడలో ఆరెయ్యాలి, వేసిన ప్రతిసారీ ఉతకాలి. వానాకాలంలో ఒక్క రోజుకి ఆరవు కాబట్టి రెండు జతలు తప్పదు.

సీటు కూడా చూసుకోండి. మెట్టు మీద అట్టపెట్టె ముక్క వేసి కొంచెం ముందుకి వంగి కూర్చుని లేస్తే, ఎముకలు ఆనిన చోట రెండు గుంటలు పడతాయి, వాటి మధ్య దూరం కొలవాలి. నాకు 13 సెంటీమీటర్లు వచ్చింది. తమ్ముడి సీటు నాకు సన్నం, 155 మిల్లీమీటర్ల వెడల్పుది మార్చాను.

షార్ట్స్ వేసుకుని ఊళ్ళోంచి ఎలా వెళ్ళాలి అన్నది ఇంకో బెంగ. తాటిపూడి వైపు వెళ్తుంటే నా పాత స్టూడెంట్లు, వాళ్ళ అమ్మానాన్నలు ఎదురవుతారు, "ఏటమ్మా టీచరమ్మా ఎక్కడికెల్తన్నారు" అని ఆపి పలకరిస్తారు. నాకు ఇబ్బందిగా ఉండేది. దీనికి దారి మా అత్తయ్య చూపించారు. నేను చుడీదార్ పాంటు అంచు చైనులో పడి చిరిగిందని చూపిస్తే ఆవిడ ఏమీ అనకుండా మిషన్ ముందు కూర్చుని, మా ఆయన పాత ట్రాక్ పాంటుని మోకాలి కింద వరకు కోసి, అంచుకి ఎలాస్టిక్ వేసి, పక్కన జిప్ జేబు పెట్టి ఇచ్చారు. లోపల మెత్త షార్ట్స్, పైన ఇది. మౌంటెన్ బైక్ వాళ్ళు వేసుకునే వదులు షార్ట్స్ వేలకి వేలు పెట్టి అమ్ముతారే, దానికంటే ఇది నాకు సరిగ్గా సరిపోయింది. తుప్పల్లోంచి వెళ్ళినప్పుడు కాళ్ళు గీసుకోకుండా కింద పల్చటి స్లీవ్స్ వేసుకుంటా. పెట్టుకోవడానికి చున్నీ లేదని మొదట్లో చెయ్యి మెడ మీదకి వెళ్ళిపోయేది, ఇప్పుడు అలవాటైపోయింది.

హెల్మెట్‌కి తల చుట్టుకొలత తీసుకున్నాను, కనుబొమ్మల మీద రెండు వేళ్ళు వదిలి టేపు పెడితే 55 సెంటీమీటర్లు. కానీ షాపులో జుట్టు ముడి వేసుకుని పెట్టి చూశా, అందుకే పెద్ద సైజు తెచ్చేసుకున్నా, మట్టి దారిలో కుదుపుకి కళ్ళ మీదకి జారిపోయేది. అలా జారే హెల్మెట్ పెట్టుకున్నా పెట్టుకోనట్టే. ఇప్పుడు మెడ కిందికి వచ్చేలా వాలుజడ వేసుకుంటా, సరైన సైజు తీసుకున్నా. ఈఎన్ 1078 అనో సీపీఎస్‌సీ అనో, అంటే భద్రతా పరీక్ష పాసైనట్టు, లోపల స్టిక్కర్ ఉందో లేదో చూడండి, వెనక తల ఎక్కువగా కప్పే రకం తీసుకోండి, గట్టిగా ఒకసారి పడితే అది పైకి బాగానే కనబడినా మార్చెయ్యాలి.

ఎండాకాలం గురించి నేను అనుకున్నదంతా తలకిందులైంది. పొట్టి చేతుల జెర్సీ చల్లగా ఉంటుందనుకున్నా. ఏప్రిల్లో ఎండ నేరుగా చర్మం మీద పడితే ఎనిమిదింటికే చేతులు మండిపోతాయి. తెల్లటి పొడుగు చేతుల పల్చటి జెర్సీయే హాయి. పాలిస్టర్ నీళ్ళని దాదాపు పీల్చదు, కాటన్ బాగా పీల్చి పట్టుకుని ఉంచుతుంది, అందుకే కాటన్ టీషర్టు చెమటకి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. అలాగని కాటన్ చెడ్డదని కాదు, మెడకి మాత్రం తడిపిన కాటన్ తువ్వాలే చుట్టుకుంటా, నీళ్ళు పట్టుకుని మెల్లగా ఆరుతుంటే చల్లగా ఉంటుంది. ఏ గుడ్డ ఎక్కడ వాడాలన్నదే అసలు లెక్క.

ఎండలో గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతా, రెండు లీటర్ల నీళ్ళ బ్యాగు వీపుకి. వీపు ఉక్క పెడుతుంది, అది భరించాలి. ఒక సీసాలో చోడంబలి, అదే రాగి అంబలి, పల్చగా మజ్జిగ కలిపి ఉప్పేసి తీసుకెళ్తా, ఓఆర్ఎస్ పాకెట్ ఒకటి అత్యవసరానికి. తెల్లారి ఐదుకి బయల్దేరి ఎనిమిదిన్నరకి ఇంట్లో ఉండాలి, ఆ తర్వాత ఏ జెర్సీ కాపాడలేదు. కళ్ళజోడు విషయంలో నల్ల అద్దాలొక్కటే తీసుకోకండి, జీడితోటల్లోకి దిగగానే నీడలో రాళ్ళు, వేర్లు కనబడవు, నేను అలాగే ఒక వేరు మీదెక్కి పడి మోచెయ్యి గీరుకుపోయింది. తెల్ల అద్దాలు మార్చుకునే రకం మంచిది, పొగమంచుకీ వానకీ కూడా అవే.

చలికాలం మన ఊళ్ళో ఏముంది అని తేలిగ్గా తీసుకున్నా. డిసెంబర్లో శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కాను, మా తమ్ముడు తోడొచ్చాడు. ఎక్కేటప్పుడు చెమటతో ముద్దైపోయాను, విండ్‌చీటర్ కూడా విప్పి, వెనక మోసుకోవడం ఎందుకని తమ్ముడి బ్యాగులో పెట్టేశాను, వాడేమో ముందుకెళ్ళిపోయాడు. పైకి వెయ్యి మీటర్లు వెళ్తే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అది ఎక్కేటప్పుడు తెలీదు. కాఫీ తోటల దగ్గర టీ తాగడానికి ఆగి పది నిమిషాలు కూర్చున్నాక పళ్ళు కొట్టుకోవడం మొదలైంది. అక్కడ టీ తాగుతున్న ఒక పెద్దాయన, కొత్తవలస-కిరండూల్ రైల్వే లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారట, చాన్నాళ్ళు శిమిలిగుడలో ఉన్నారట, అది 996 మీటర్ల ఎత్తులో ఉన్న స్టేషను. నన్ను చూసి, "ఇంత సెమటతో దిగితే గుండెల్లోకి సలి పోతాది తల్లీ, ఇది లోపలెట్టుకో" అని తన చేతిలో పేపరు సగం చింపి ఇచ్చారు. జెర్సీ లోపల ఛాతీ మీద పెట్టుకుని దిగాను. నిజంగా గాలి ఆపింది. యూరప్‌లో పాతకాలం రేసు సైకిలిస్టులు కొండ దిగేముందు ఇలాగే పేపరు పెట్టుకునేవారని తర్వాత చదివాను, ఆయనకి మాత్రం అది ట్రాలీ మీద పొద్దున్నే వెళ్ళిన అనుభవంతో తెలిసింది. ఆయన పేరు అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఘాట్‌కి వెళ్తే స్వెటర్ కాదు, విప్పి జేబులో పెట్టుకునేవే తీసుకెళ్తా. చేతులకి స్లీవ్స్, గాలి ఆపే పల్చటి చేతుల్లేని కోటు, పూర్తి వేళ్ళ గ్లవ్స్. దిగేటప్పుడు వేళ్ళు మొద్దుబారితే బ్రేకు సరిగ్గా నొక్కలేం, గ్లవ్స్ అందుకు. బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తుంటేనే బట్టలు సరిపోయినట్టు, హాయిగా ఉందంటే ఎక్కువ వేసుకున్నట్టే. దిగడానికి ముందే, ఒళ్ళు వేడిగా ఉండగానే వేసేసుకోవాలి. పేపరు మాత్రం ఇప్పటికీ బ్యాగులో ఉంటుంది, తడిసిన బూట్లలో కుక్కితే తెల్లారేసరికి తడి లాగేస్తుంది కూడా. బూట్లు వాటర్‌ప్రూఫ్ వద్దు, లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు, జాలీ ఉన్నవి, అడుగు గట్టిగా ఉన్న రబ్బరు సోలువి చాలు.

సైకిల్‌కి కూడా కాలానికి తగ్గట్టు మార్చాల్సినవి ఉన్నాయి, వీటిలో బ్రేకులే ప్రాణం మీదకి తెచ్చేవి. మొదటి వానాకాలం చివర్లో పుణ్యగిరి నుంచి దిగుతుంటే ఇనుముని ఇనుము గీకుతున్న శబ్దం. డిస్కుని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్స్ మొత్తం అరిగిపోయాయి. రెజిన్ ప్యాడ్స్ మెత్తగా, చప్పుడు లేకుండా పనిచేస్తాయి గానీ తడి మట్టిలో చాలా తొందరగా అరుగుతాయి. ఒక షాపులో మెటల్ ప్యాడ్స్ వేసి పంపించారు, నేనూ సంతోషించా, తీరా మా తమ్ముడు చూస్తే డిస్కు మీదే రెజిన్ ప్యాడ్ మాత్రమే వాడాలని సన్నగా చెక్కి ఉంది. అలాంటి డిస్కు మెత్తటి ఉక్కు, మెటల్ ప్యాడ్ దాన్ని తినేస్తుంది. ఆ షాపాయన చూడలేదు, నేనూ చూడలేదు. 160 మిల్లీమీటర్ల కొత్త డిస్కులు రెండు కొనాల్సొచ్చింది. ఇప్పుడు ప్యాడ్ మందం ఒక మిల్లీమీటరుకి వచ్చిందంటే మార్చేస్తా, వానల్లో ప్రతి ఆదివారం టార్చి వేసి చూస్తా.

చైనుకి వేసే నూనె ఎండాకాలం డ్రై లూబ్, వానలకి వెట్ లూబ్. ఇంజనాయిల్ వేస్తే మన ఎర్రమట్టి దుమ్ము ముద్దలా పట్టేసి గేర్ల పళ్ళు అరిగిపోతాయి. స్ప్రే కొడితే డిస్కు మీద పడుతుంది, చుక్కలు వేసి గుడ్డతో తుడవడమే నయం. టైర్లలో గాలి నా బరువుకి, 58 కిలోలు, వెనక 32, ముందు 28 పీఎస్ఐ పెడతా, వాన మట్టిలో మూడు నాలుగు తగ్గిస్తా. మా వైపు తుమ్మముళ్ళు ఎక్కువ, అందుకని ట్యూబ్ తీసేసి ట్యూబ్‌లెస్ చేయిద్దామనుకుంటున్నా, కాకపోతే చిల్లులు పూడ్చడానికి అందులో పోసే సీలెంట్ ద్రవం మన ఎండకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్ళీ పోస్తుండాలి, ఇంకా తేల్చుకోలేదు.

కొనే వరస అడిగితే నేనైతే ఇలా చెప్తా: హెల్మెట్, షార్ట్స్, గ్లవ్స్, బ్రేకు ప్యాడ్స్ ముందు, జెర్సీలు ఆ తర్వాత, జాకెట్లు అన్నిటికీ ఆఖర్న. నేను సరిగ్గా దీనికి తిరగేసి కొన్నాను.

మొన్న పైడితల్లమ్మ పండగకి ఇంటికొచ్చిన మా ఆడపడుచు నా సైకిల్ తీసుకుని కోట చుట్టూ ఒక రౌండ్ వేసొచ్చింది, తనకీ నేర్చుకోవాలనుందట. అత్తయ్య అప్పుడే ఇంకో ట్రాక్ పాంటు కోసి పెట్టారు, ఎలాస్టిక్ మాత్రం తన కొలత తీసుకుని వెయ్యాలి.