నాగార్జునకొండకు లాంచీ ఎక్కేముందు

నాగార్జునకొండను అందరం దీవి అనే అంటాం. కానీ సాగర్ డ్యాం కట్టకముందు అక్కడ దీవి లేదు. మూడు వైపులా నల్లమల గుట్టలు, నాలుగో వైపు కృష్ణ, మధ్యలో పొలాలు, పుల్లారెడ్డిగూడెం లాంటి చిన్న పల్లెలు, ఆ పల్లెల కింద, సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. నీళ్లు నిలిచాక లోయంతా మునిగి, ఒక కొండ పైభాగం మాత్రం బయట మిగిలింది. టికెట్ కొనుక్కుని, లైఫ్ జాకెట్ వేసుకుని మనం వెళ్లేది ఆ కొండ మీదికి. ఈ సంగతి ముందే తెలుసుకుని లాంచీ ఎక్కితే ప్రయాణం వేరుగా ఉంటుంది. అందుకే ఈ పోస్టు రాస్తున్నాను.

నేను మిర్యాలగూడ దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా వీధివాళ్లం కొందరం కలిసి మినీ బస్సు మాట్లాడుకుని, కుడిగట్టు వైపు విజయపురి సౌత్ నుంచి లాంచీ, మధ్యాహ్నం మునిగిన కట్టడాల్లో కొన్నిటిని మళ్లీ కట్టిన అనుపు, దారిలో ఎత్తిపోతల జలపాతం అని అనుకుని బయల్దేరాం. రోజంతా మాతో ఉండటానికి మాచర్ల వైపు నుంచి ఒక గైడ్ వచ్చాడు. మా అత్తమ్మ కూడా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. వద్దంటే వినలేదు. ఆమె చిన్నతనం సాగర్‌లోనే గడిచింది. వాళ్ల నాన్న డ్యాంకు రాళ్లు మోశాడు, వాళ్లమ్మ మాలు తట్టలు మోసింది. డ్యాం పని అయిపోయాక ఆ కుటుంబం మా దిక్కు వచ్చి, ఎడమ కాలువ కింద రెండెకరాలు కౌలుకు చేసుకుని నిలబడింది. అంత దగ్గర పెరిగి కూడా ఆమె ఎన్నడూ లాంచీ ఎక్కలేదు.

డ్యాం కింద కట్టిన వంతెన మీదుగా కృష్ణ దాటుతుంటే ఆ గోడ మొత్తం ఎదురుగా కనపడుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. పిల్లలకు ఈ రెండు తేదీలూ బోర్డు మీద రాస్తాను. ఆ తేదీల మధ్య పన్నెండేళ్లు అక్కడేం జరిగిందో ఆ రోజు బస్సులో అత్తమ్మ చెప్పింది. కాంక్రీటు కంటే రాతికట్టడం ఎక్కువగా ఉన్న డ్యాం అది. అంటే ఎవరో ఒకరు రాయిని ఎత్తి, మోసి, పేర్చాలి. "పొద్దుగాల సైరన్ కొడితే మా నాయిన పోయేటోడు. మేం పిల్లలం గుడిసెల్ల ఉండి పైకి చూసేటోళ్లం. గోడ మీద మనుషులు చీమలోలె కనిపిస్తుండ్రి," అంది. బస్సులో వెనక సీట్ల పిల్లలు కూడా ముందుకొచ్చి విన్నారు.

లాంచీ స్టేషన్ దగ్గర కొంతసేపు ఆగాలి. సరిపడా మంది చేరితేనే కదులుతుంది. గాలి ఎక్కువగా ఉన్నా, జలాశయంలో నీళ్లు బాగా తగ్గినా ఆపేస్తారు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనందరికీ గుర్తుంది కాబట్టి, లైఫ్ జాకెట్ విషయంలో సిబ్బంది గట్టిగా ఉంటే విసుక్కోకండి. అత్తమ్మకు చీరమీద జాకెట్ బిగించడం కష్టమైంది. గైడ్ కుర్రాడే వచ్చి పట్టీలు సరిచేసి, "ఊపిరాడుతోందా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

ముక్కాలు గంట, గంట ప్రయాణం. మొదట్లో అందరూ ఫొటోలే. నీళ్లు ఆకుపచ్చగా, గుట్టలు రెండువైపులా, గాలి ముఖానికి కొడుతూ బాగుంటుంది. అప్పుడు గైడ్ మైకు పట్టుకుని రాజుల పేర్లు, నాగార్జునాచార్యుడి పేరు గబగబా చెప్పేశాడు. ఎవరూ పెద్దగా వినలేదు. నాకు మనసొప్పక, దగ్గరికి వెళ్లి, "తమ్ముడూ, ఇప్పుడు మన కింద ఏముందో చెప్పు," అన్నాను. అతను మైకు పక్కన పెట్టి, రెయిలింగు దగ్గర నిలబడి చేత్తో చూపించడం మొదలుపెట్టాడు. నది ఒడ్డు వెంట గుళ్లు, మెట్ల స్నానఘట్టం. లోపలి వైపు మహాచైత్యం అనే పెద్ద స్తూపం, భిక్షువులు ఉండే విహారాలు. ఇంకా లోపల ప్రేక్షాగారం, అంటే జనం మెట్ల మీద కూర్చుని ఆటపాటలు చూసే చోటు. చెప్తూ చెప్తూ, "మా నాయనమ్మోళ్ల ఊరు కూడా ఇక్కడే మేడమ్. ఆ గుట్ట ఇవతల," అన్నాడు.

అప్పటిదాకా బెంచీ మీద కొంగు కప్పుకుని కూర్చున్న అత్తమ్మ లేచి వచ్చింది.

"మీది మునిగిన ఊరా బిడ్డా?"

"అవునమ్మా. నేను పుట్టకముందు సంగతి. మా నాయనమ్మ పోయేదాకా చెప్తూనే ఉండేది. ఎవరి దొడ్లో ఏ చెట్టుండేదో అన్నీ చెప్పేది."

"ఆ గోడకు మా నాయిన రాళ్లు మోసిండు."

అతను ఏమంటాడో అని నాకు కొంచెం టెన్షన్‌గానే అనిపించింది. అతను మామూలుగా, "మాచర్ల కాడ మాక్కూడా కాలవ కింద పొలం వచ్చిందిలే అమ్మా. వరి పండుద్ది, మిర్చి పండుద్ది. మా నాయనమ్మ మాత్రం ఆ పొలంలోకి ఎప్పుడూ రాలా," అన్నాడు. తర్వాత దీవి వచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ ఊళ్లో బావి ఎక్కడుండేది, సంత ఏ వారం జరిగేది, ఎవరిని ఎటు పంపారు అని ఆమె అడుగుతూనే ఉంది. నేను క్లాసులో ప్రాజెక్టుల లాభాలు, నష్టాలు అని రెండు వరుసలు గీయించి రాయిస్తాను. ఆ రెండు వరుసల మనుషులూ ఒకే బెంచీ మీద కూర్చోవడం ఆ రోజే చూశాను.

ఈ లోయలో ఏముందో బయటి ప్రపంచానికి తెలిసింది 1926లో. శాసనాల శాఖలో తెలుగు సహాయకుడిగా పనిచేసిన ఏ. ఆర్. సరస్వతి ఇక్కడి శిథిలాలను గుర్తించారు. ఆ తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ కొన్నేళ్లు తవ్వించారు. మహాచైత్యంలో ధాతువులు, అంటే పవిత్రంగా దాచిన అస్థి అవశేషాలు దొరికింది అప్పుడే. డ్యాం ఖాయమయ్యాక అసలు పరుగు మొదలైంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖవాళ్లు లోయంతా తవ్వారు. నీళ్లు రాకముందే అయిపోవాలి, రెండో అవకాశం లేదు. రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగం గుళ్లదాకా వందకు పైగా చోట్ల తవ్వి, కొలిచి, గీసి, ముఖ్యమైన కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి, కొన్నిటిని ఈ కొండ మీద, కొన్నిటిని అనుపులో మళ్లీ కట్టారు. కుదరనివాటికి నమూనాలు చేశారు. మ్యూజియం 1966లో మొదలైంది. గడువులోపల ఇంత పని చేసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం. వాళ్లు లేకపోతే మనకు నీళ్లు మాత్రమే మిగిలేవి.

లాంచీ దిగాక చెట్ల మధ్య నుంచి కొంచెం నడవాలి. రెడ్డిరాజుల కాలం నాటి కోటగోడలు దారిలో తగులుతాయి. చాలామంది ఇక్కడే ఆగి ఫొటోలు తీసుకుంటారు. నా సలహా ఏమిటంటే, తిన్నగా మ్యూజియంలోకి వెళ్లి లోయ నమూనా దగ్గర నిలబడండి. నది, గుట్టలు, చైత్యాలు, గుళ్లు ఎక్కడెక్కడ ఉండేవో అంతా అందులో కనిపిస్తుంది. లాంచీ ఏ దారిన వచ్చిందో వేలితో గీసి చూసుకోవచ్చు. గైడ్ వాళ్ల నాయనమ్మ ఊరు ఉండేచోటు చూపించాడు. అత్తమ్మ అవతలి ఒడ్డున ఏలేశ్వరం ఎక్కడని అడిగి చూసింది. ఆ ఊరు కూడా మునిగిందే. అక్కడి నుంచి వచ్చిన కుటుంబాలు ఆమెకు తెలుసు.

శిల్పాలన్నీ పల్నాటి సున్నపురాయితో చేసినవే. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న తెలుపు. మాంధాత జాతకం (బుద్ధుడి పూర్వజన్మ కథల్లో ఒకటి) చెక్కిన పలకల ముందు ఆగకుండా రాకండి. లోకమంతా గెలిచి, స్వర్గంలో సగం దక్కినా చాలదనుకున్న రాజు కథ అది. ఇక్కడ దొరికిన వస్తువుల్లో రోమన్ బంగారు నాణేలు కూడా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ నగరానికి అంత దూరంతో వ్యాపారం ఉండేదని పాఠంలో చదివితే పిల్లలకు ఎక్కదు. నాణెం గురించి చెప్తే ఎక్కుతుంది.

నా మనసు నిలిచింది మాత్రం శాసనాల దగ్గర. ప్రాకృతం, బ్రాహ్మీ లిపి. వాటిలో ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో! రాజులు యజ్ఞాలు చేశారు, బౌద్ధ కట్టడాలకు డబ్బు పెట్టింది ఎక్కువగా రాణులు, రాజకుటుంబం ఆడవాళ్లు. మొదటి రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. ఆమె మేనల్లుడు, అల్లుడు కూడా అయిన వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది ఆమే. ఇక్కడి లాంచీల్లో ఒకదానికి శాంతిసిరి అని ఆమె పేరే పెట్టారు. ఎక్కేవాళ్లకు ఆ పేరు ఎవరిదో ఎవరైనా ఒక్కమాట చెప్తే ఎంత బాగుండు. రాజకుటుంబానికి బయటి మనిషి బోధిశ్రీ. మామూలు ఉపాసిక, అంటే ఇంట్లో ఉంటూనే బౌద్ధాన్ని పాటించే మనిషి. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనంలో ఆ భిక్షువులు ధర్మం చాటిన చోట్లుగా కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవన, ద్రవిడ, తామ్రపర్ణి ద్వీపం, ఇలా దేశాల పేర్ల వరుస ఉంటుంది. పల్నాటి గుట్టల మధ్య ఉన్న ఒక ఆడమనిషి పరిచయంలో ఇంత ప్రపంచం ఉంది.

శాంతమూలుడు అశ్వమేధం చేశాడనీ, కోట్ల బంగారం, లక్షల గోవులు, లక్షల నాగళ్లు దానం చేశాడనీ శాసనాలు చెప్తాయి. నాగళ్లంటే అన్ని నాగళ్లు దున్నే భూమి. ఇది విన్నాక అత్తమ్మ ఆగి, "ఎవలకిచ్చిండట?" అని అడిగింది. గైడ్ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. జీవితమంతా కౌలు చేసిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగింది.

బయట మళ్లీ కట్టిన స్నానఘట్టం ఉంది. నున్నటి రాతిపలకల మెట్లు. ఆ మెట్లు చూడటానికైనా కొంచెం టైం ఉంచుకోండి. స్తూపాల అడుగుభాగాలు కూడా ఇక్కడ బయటే ఉన్నాయి. లోపల బండిచక్రం ఆకుల్లాగా గోడలు కట్టి, మధ్య ఖాళీల్లో మట్టి నింపి, పైన గుమ్మటం నిలబెట్టేవాళ్లు. తక్కువ ఇటుకతో పెద్ద కట్టడం నిలబెట్టే ఉపాయం. మా వీధి మేస్త్రీ ఒకాయన మాతో వచ్చాడు, ఆయన అక్కడి నుంచి కదల్లేదు. కానీ లాంచీ ఎక్కువసేపు ఆగదు. హారన్ కొట్టగానే వెళ్లిపోవాలి. ఇంత దూరం వచ్చినవాళ్లకు ఒక గంట చాలదు. కనీసం రెండు గంటలు ఇస్తే బాగుంటుందని నాకు గట్టిగా అనిపించింది.

భోజనాలు గట్టుకొచ్చాక చేశాం. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, అక్కడ కొన్న చేపల వేపుడు.

తర్వాత అనుపు. కొండ నుంచి వచ్చాక అనుపు చూడకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. మా గైడ్ కూడా టైం లేదన్నాడు. మేం ఎత్తిపోతలను వదులుకుని అనుపుకే వెళ్లాం. మంచి పని చేశాం. విహారాల గదుల పునాదులు, పిల్లల్ని కాపాడే బౌద్ధ దేవత హారీతి గుడి, అన్నిటికన్నా ప్రేక్షాగారం. నలువైపులా మెట్లు, మధ్యలో ఆటస్థలం. గైడ్ మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే పై మెట్టు దాకా స్పష్టంగా వినపడింది. పిల్లలు దిగి పరుగులు పెట్టారు. అత్తమ్మను ఏదైనా పాడమని అడిగారు. నాట్లేసేటప్పటి పాట ఒకటి ఎత్తుకుంది. చివరి మెట్టు మీద కూర్చున్న నాకు ప్రతి మాటా తెలిసింది.

వెళ్లేవాళ్లకు కొన్ని సంగతులు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు. వానాకాలం చివర, జలాశయం నిండుగా ఉన్నప్పుడు వెళ్తే లాంచీ దొరకడం సులువు. ఉదయం మొదటి లాంచీకే చేరుకోండి, మధ్యాహ్నం అనుపుకు ఇవ్వండి. తాగే నీళ్లు, టోపీ తీసుకెళ్లండి. ఎడమగట్టు నుంచి కూడా లాంచీలు ఉన్నాయి, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు అది దగ్గర. అటు వెళ్తే 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం కూడా చూడొచ్చు. కానీ అనుపు కుడిగట్టు వైపు ఉంది. రెండింటిలో ఒకటే కుదిరితే నేను అనుపే అంటాను. టీచర్లు ఎవరైనా పిల్లలను తీసుకెళ్తే, లాంచీలో మైకు మాటలయ్యాక గైడ్‌ను పక్కకు పిలిచి వాళ్లది ఏ ఊరని అడగండి.